వెంకట్రాజం సాక్ష్యం

వెంకట్రాజానికి చెప్పుకోవడానికి ఒక్క అద్భుతమైనా లేదు. అరవై రెండేళ్ల మనిషి. వాళ్ల తాత డోర్నకల్ దగ్గర ఒక చెరువులో బాప్తిస్మం తీసుకున్నాడు కనుక మూడు తరాలుగా చర్చికి పోయేవాళ్లే. ముప్పయ్యారేళ్లు రైల్వేలో ట్రాక్‌మన్‌గా పట్టాల వెంట నడిచి, రిటైరై, వరంగల్ శివనగర్‌లో రెండు గదుల ఇల్లు కట్టుకున్నాడు. ఆదివారం ఆరాధనకు తప్పడు. కిటికీ పక్కన మూడో బెంచీ ఆయనది. ఇన్నేళ్లలో ఆయన లారీ కింద పడలేదు, పాము కరవలేదు, డాక్టర్లు చేతులెత్తేసిన జబ్బేదీ రాలేదు. కలలు వస్తాయి గానీ, వాటిలో గ్యాంగు మేస్త్రీ కనిపించి బోల్టులు బిగించావా లేదా అని అడుగుతాడు, అంతే.

అదృష్టవంతుడివి అని ఎవరైనా అనొచ్చు. కానీ ఈ ఏడాది ఆ చర్చికి శేఖర్ అనే కుర్ర పాస్టరుగారు వచ్చారు. మంచి ఉత్సాహవంతుడు. ఈస్టరుకు ముందొచ్చే శ్రమల దినాల్లో ఆదివారానికొక పెద్దమనిషి లేచి సాక్ష్యం చెప్పాలని, అంటే తన బతుకులో దేవుడు చేసిన మేలు ఒకటి అందరి ముందు చెప్పాలని పద్ధతి పెట్టారు. మొదటి ఆదివారం సమ్మమ్మ చెప్పింది. ఆమె కడుపులో రాయి ఒకటుండేదట, ఆపరేషన్ చేద్దామని దవాఖానలో పడుకోబెట్టి మళ్లీ స్కానింగ్ తీస్తే రాయి లేదట. రెండో ఆదివారం వినోద టీచరు, బ్రేకులు పోయిన బస్సులో ఘాటు రోడ్డు దిగిన కథ చెప్పింది. మూడో ఆదివారం ఒక ఎలక్ట్రీషియన్, తెల్లబట్టల మనిషి కలలోకొచ్చి తనను పేరుపెట్టి రెండుసార్లు పిలిచాడని చెబుతూ ఏడ్చాడు. చర్చిలో సగం మంది ఆయనతోపాటు ఏడ్చారు.

నాలుగో ఆదివారం వెంకట్రాజం చెప్పాలి.

ఆయన పాస్టరుగారి దగ్గరకు పోయి, తనకు మాట్లాడటం రాదని, ఇంకెవరినైనా చూసుకోమని మెల్లగా చెప్పి చూశాడు. అంకుల్, మీలాంటి పెద్దలు చెప్పకపోతే ఎట్లా అని ఆయన నవ్వుతూ భుజం తట్టి పంపించారు.

వెంకట్రాజం మనసులో ఎవరికీ చెప్పని మాట ఒకటుంది. దేవుడు అందరినీ ఏదో ఒకనాడు పలకరించాడు, తననే ఎందుకో పలకరించలేదు. దాని మీద కోపమేమీ లేదు. పిల్లలు ఎక్కువున్న ఇంట్లో తండ్రికి అందరితో మాట్లాడే తీరిక ఉండదు కదా అని సరిపెట్టుకునేవాడు. అయినా ప్రార్థనలో అందరూ కళ్లు మూసుకున్నప్పుడు ఆయన ఒక్కోసారి కళ్లు తెరిచి చుట్టూ చూసేవాడు. వాళ్ల ముఖాల్లో ఏదో వెలుగు ఉండేది. అది ఏ వైపు నుంచి పడుతోందో ఆయనకు అంతుపట్టేది కాదు.

భార్య స్నేహలతకు ఇట్లాంటి బెంగలు లేవు. ఆమె చర్చిలో ఆడవాళ్ల సంఘమైన స్త్రీల మైత్రికి సెక్రటరీ. పన్నెండో ఏట టైఫాయిడ్ నుంచి లేచిన కథ ఆమెకు ఉంది, దాన్ని ఇప్పటికి నాలుగు చోట్ల చెప్పింది. మొగుడి సాక్ష్యం పని ఇప్పుడు తానే నెత్తిన వేసుకుంది. పొద్దున చాయ్ దగ్గర మొదలుపెడితే, ఇల్లు ఊడుస్తూ, కూర తరుగుతూ ఆయన బతుకంతా తవ్వి చూసింది.

"నువ్వు చిన్నప్పుడు బాయిల పడ్డవు గద. అది చెప్పు" అంది.

"అది ఎండకాలమే. బాయిల నీళ్లు లెవ్వు. మోకాలు జర గీసుకపోయింది, గంతే."

"నీళ్లు లేకుండ జేసిందెవరు మరి?"

మోకాలు గీసుకుపోయిన సంగతి నిలబడి చెబితే సమ్మమ్మ రాయి ముందు అది ఎంత చిన్నగా ఉంటుందో ఊహించుకుని వెంకట్రాజానికి చెమట పట్టింది. బుధవారం పొద్దున, రాయమల్లుకు మోకాళ్ల నొప్పులట, చూసొస్తానని చెప్పి, ఆమె రెండో మాట అనేలోపు సంచి తీసుకుని హన్మకొండ బస్టాండుకు ఆటో ఎక్కాడు.

రాయమల్లు, వెంకట్రాజం ఒకే గ్యాంగులో ఇరవై ఏళ్లు పనిచేశారు. ఒకే టిఫిన్ డబ్బాలో తిన్నారు. రాయమల్లు వయసులో నాలుగేళ్లు పెద్ద. రిటైరయ్యాక ములుగు దాటి అడవి అంచున ఉన్న సొంతూరికి పోయి, భార్య పూలమ్మతో కలిసి రెండెకరాల చేను చేసుకుంటున్నాడు. ఆయన సమ్మక్క భక్తుడు. ఈయన యేసుప్రభువు బిడ్డ. ఇరవై ఏళ్లలో ఆ విషయం మీద వాళ్లకు ఒక్కసారి కూడా మాటామాటా రాలేదు. గొడవలన్నీ పచ్చడి ఎవరు ఎక్కువ వేసుకున్నారన్న దాని మీదే.

ములుగులో బస్సు దిగి, జీపులో మరో గంట కుదుపులు తిని వెంకట్రాజం ఆ ఊరు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. రాయమల్లు మోకాళ్లు భేషుగ్గా ఉన్నాయి. సాయంత్రం అరుగు మీద కూర్చున్నాక వెంకట్రాజం తన కష్టమంతా చెప్పుకున్నాడు. రాయమల్లు బీడీ ఆర్పి శ్రద్ధగా విన్నాడు.

"మీ దేవుడు నీకేం జేసిండో చెప్పాలె. గంతేనా?"

"గంతే అన్నా."

"మరి చేసింది చెప్పు."

"ఏం జేసిండో తెలుస్తలేదు. అదే గద ఫికరు."

రాయమల్లుకూ ఏమీ తోచలేదు. చివరికి, పొద్దున్నే ఇప్పపూలు ఏరడానికి పోతున్నాం, నువ్వూ రా, నడుస్తుంటే ఏదో ఒకటి యాదికొస్తుంది అన్నాడు.

మర్నాడు చీకట్లోనే లేచారు. పూలమ్మ రెండు గంపలు తీసుకుని ముందు నడిచింది. చేను దాటితే అడవి మొదలవుతుంది, సరిగ్గా ఆ అంచున నాలుగు ఇప్పచెట్లున్నాయి. ఆకులు దాదాపు రాలిపోయి కొమ్మలు మాత్రమే ఉన్నాయి. చెట్ల కింద నేలను పూలమ్మ ముందురోజే శుభ్రంగా ఊడ్చి పెట్టింది. మాగిన బెల్లం లాంటి వాసన గాలిలో బరువుగా నిలబడి ఉంది. వెంకట్రాజం చేయి పైకి చాచి ఒక కొమ్మను వంచబోయాడు.

"కోసుడు ఉండది తమ్మీ. అవే రాల్తయి. కూసో" అంది పూలమ్మ.

ముగ్గురూ ఒక చెట్టు మొదట్లో కూర్చున్నారు. గాలి లేదు. ఆకాశం తూర్పున కొద్దిగా పలచబడుతోంది. అప్పుడు ఊడ్చిన నేల మీద ఎక్కడో ఒక చిన్న చప్పుడయింది. కాసేపటికి ఇంకొకటి. తర్వాత రెండు మూడు కలిసి. కొమ్మ కదలడం లేదు, పిట్ట వాలడం లేదు. గుత్తుల్లోంచి పూలు వాటంతట అవే జారి పడుతున్నాయి. మీగడ రంగులో, శనగగింజ కంటే కొంచెం పెద్దగా, ఉబ్బిన ముత్యాల్లా ఉన్నాయి. వెలుతురు వస్తున్నకొద్దీ అవి రాలడం ఎక్కువయింది. నాలుగు చెట్ల కిందా మెత్తటి వాన ఒకటి పడుతున్నట్టుంది.

పూలమ్మ లేచి ఏరడం మొదలుపెట్టింది. మొదటి దోసెడు పూలు చెట్టు మొదట్లో పెట్టి దండం పెట్టుకుంది. రాయమల్లు రెండో గంప తీసుకున్నాడు. వెంకట్రాజం మాత్రం లేవలేదు. ఆయనకు ఆదివారం బడిలో చిన్నప్పుడు విన్న మన్నా సంగతి గుర్తుకొచ్చింది. ఎడారిలో నడిచే జనం నిద్రలేచేసరికి గుడారాల చుట్టూ నేల మీద తిండి పరిచి ఉండేదట. ఎవరూ దున్నలేదు, ఎవరూ వండలేదు. చిన్నప్పుడు అది ఎప్పుడో ఎక్కడో దూరదేశంలో జరిగిన విడ్డూరం అనుకున్నాడు. ఇక్కడ ములుగు అడవిలో, ఏటా ఈ రోజుల్లో, ఎవరూ చూడకపోయినా అది జరుగుతూనే ఉంది.

ఒక పువ్వు ఆయన అరచేతిలో పడింది. చల్లగా ఉంది. నోట్లో వేసుకుంటే తియ్యగా, కొంచెం వగరుగా ఉంది. ఆయన ఎన్నో తెల్లవారుజాములు చూశాడు. మహబూబాబాద్, డోర్నకల్ మధ్య చలిలో పట్టాల మీద మంచు మెరుస్తుంటే, తీగల మీద పిట్టలు వరసగా కూర్చుని ఒళ్లు దులుపుకుంటుంటే, సుత్తి భుజాన వేసుకుని నడిచాడు. చూపంతా బోల్టుల మీదే ఉండేది. పలకరించడమంటే పేరుపెట్టి పిలవడమే అనుకున్నాడు ఇన్నాళ్లూ. అన్ని పొద్దుల్లోనూ ఎవరో తనకు వడ్డిస్తూనే ఉన్నారన్న సంగతి అరవై రెండేళ్లకు, ఈ చెట్టు కింద, ఇప్పుడు తట్టింది. చేయి కనబడలేదు. వడ్డన కనబడింది. ఆయన కళ్లు తుడుచుకుని, మళ్లీ పైకి చూశాడు.

అప్పుడే రాయమల్లు వచ్చి ఆయన భుజం గట్టిగా పట్టుకున్నాడు.

"రాజం, కదలకు" అన్నాడు చెవిలో. "గుడ్డెలుగు."

నాలుగో చెట్టు కింద, ముప్పయి అడుగుల దూరంలో, నల్లటి ఎలుగుబంటి ఒకటి తల వంచుకుని పూలు తింటోంది. ఎప్పుడు వచ్చిందో ఎవరూ చూడలేదు. పూలమ్మ గంప పట్టుకుని ఉన్నచోటే బొమ్మలా నిలబడిపోయింది. ఇప్పపూల కాలంలో ఎలుగు మనిషి మీద పడితే ఎట్లా ఉంటుందో ఆ ఊళ్లో అందరికీ తెలుసు. అది నేలకు మూతి ఆనించి పూలను గట్టిగా పీల్చుకుంటోంది. పాత బస్సు ఇంజను దమ్ము తీసినట్టు ఆ చప్పుడు వినబడుతోంది. ఒకసారి తలెత్తి ముగ్గురి వైపూ చూసింది. అది మళ్లీ తల దించి తినడంలో పడింది. ఆకలి మీదున్న మనిషి పక్కవాడిని పట్టించుకోనట్టే ఉంది దాని వాలకం.

ఎంతసేపయిందో తెలియదు. ఉన్నట్టుండి వెంకట్రాజం జేబులో ఫోను మోగింది. ఆ చోట ఎవరికీ ఎప్పుడూ సిగ్నలు రాదు. ఆ పూట వచ్చింది. స్నేహలత పెట్టిచ్చిన రింగుటోను, ఆడవాళ్లు పదిమంది గొంతెత్తి పాడే కీర్తన, అడవంతా మారుమోగింది. ఎలుగుబంటి ఎగిరిపడి, వెనక్కి తిరిగి, పొదలను తొక్కుకుంటూ పారిపోయింది.

వెంకట్రాజం ఫోను ఎత్తాడు. నీళ్ల మోటరు పెట్టె తాళంచెవి ఎక్కడ పెట్టావని స్నేహలత అడిగింది. కిటికీ మీద ఉంటుందని చెప్పాడు. ఆయన గొంతు విని ఏమైందని ఆమె గుచ్చి గుచ్చి అడిగింది. దాచడం చేతగాక ఎలుగుబంటి సంగతి చెప్పేశాడు. ఆమె నెమ్మదిగా, గంభీరంగా అంది.

"నీకు సాక్ష్యం దొరికింది."

వెంకట్రాజం వరంగల్‌కు తిరిగొచ్చేలోపు ఆ సాక్ష్యం ఆయనకంటే ముందే ఊరంతా తిరిగింది. స్నేహలత స్త్రీల మైత్రి వాట్సాప్ గ్రూపులో పెట్టింది. తాళంచెవి సంగతి అందులో లేదు. పొద్దున ఆరు గంటలకు ఎవరో తట్టి లేపినట్టయి, ఆయనకు ఫోన్ చెయ్యి అని మనసులో వినబడిందని ఉంది. శనివారం పొద్దుటికి ఆ కథలో ఎలుగుబంటి మీదికి దూకింది. శనివారం సాయంత్రానికి రెండు ఎలుగులయ్యాయి. కూరగాయల కొట్టు దగ్గర ఒకాయన వెంకట్రాజాన్ని ఆపి, గాయం ఎక్కడయింది అంకుల్ అని అడిగాడు. పాస్టరుగారు ఫోన్ చేసి సంతోషించి, అపాయం నుంచి విడిపించే దేవుడి మీద మంచి కీర్తన ఒకటి చూసి పెట్టానన్నారు.

వెంకట్రాజం ఎవరి మాటా కాదనలేదు. నిజంగానే భయపడ్డాడు, నిజంగానే బతికాడు, దానికి రోజూ స్తోత్రం చెబుతూనే ఉన్నాడు. కానీ కళ్లు మూసుకుంటే ఆయనకు ఎలుగు కనబడటం లేదు. పూలే కనబడుతున్నాయి.

ఆదివారం చర్చి నిండిపోయింది. ఎప్పుడూ రానివాళ్లు కూడా వచ్చారు. పిల్లలు ముందు చాప మీద కూర్చున్నారు. వెంకట్రాజం మైకు ముందుకు వచ్చి, రెండు చేతులూ జోడించాడు.

"అందరికీ వందనాలు. నాకు చెప్పరాదు. చూసింది చెప్త" అన్నాడు. "ఇప్పచెట్టు మీరందరు చూసిన్రు. దాని పూలు కొయ్యరు. తెల్లారకముందు అవే రాల్తయి. ఎవ్వలు అడగరు, ఎవ్వలు చూడరు. ఏరేటోళ్లు రాకున్న గూడ రాల్తయి. నేను ఆడ కూసున్న. ఒక పువ్వు నా చేతుల పడ్డది. తిన్న."

ఆయన ఆగాడు. పిల్లలు ఎలుగు ఇప్పుడొస్తుందని ముందుకు జరిగారు.

"నేను ముప్పయ్యారేండ్లు పొద్దుగాల డ్యూటీకి పోయిన. ఊరంత పండుకుంటే నేనొక్కన్నే లేస్తాన అనుకునేది. నాకన్న ముందు ఇంకొకాయన లేస్తాండు. పని చేస్తాండు. నేను పట్టాలు చూసుకుంట నడిచిన, ఆయన దిక్కు చూడలే. మొన్న చూసిన. ఆయన్ను గాదు. ఆయన పనిని చూసిన. ఆయన ఉన్నడని నాకు మనసుల పడ్డది. అది చాలనిపించింది. గంతే."

చెప్పి, వందనాలని మళ్లీ చేతులు జోడించి, కిటికీ పక్క బెంచీకి పోయి కూర్చున్నాడు. ఆడవాళ్ల వైపు నుంచి సమ్మమ్మ ఉండబట్టలేక అడిగింది.

"మరి గుడ్డెలుగు, తమ్మీ?"

వెంకట్రాజం కూర్చున్నచోటే లేచాడు. "వచ్చింది అక్కా. అదీ తిన్నది. పోయింది. దానికి గూడ ఆయనే పెట్టిండు."

మొదట పిల్లలు నవ్వారు, తర్వాత అందరూ నవ్వారు. సమ్మమ్మ కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. పాస్టరుగారు చూసి పెట్టుకున్న కీర్తన పక్కన పెట్టి, ఇంకొకటి వెతుక్కుంటూ చాలా పేజీలు తిప్పారు. అది దొరికేదాకా జనం ఓపిగ్గా కూర్చున్నారు.

ఆరాధన అయ్యాక బయట కొందరు నిరాశగా వెళ్లిపోయారు. గాయం సంగతి అడిగిన కూరగాయలాయన, ఏం అంకుల్, అసలు సంగతి చెప్పనే లేదు అని నొచ్చుకున్నాడు. వెంకట్రాజం చెప్పులు వెతుక్కుంటుంటే బక్కమ్మ వచ్చి పక్కన నిలబడింది. ఆమె ధాన్యం మార్కెట్టులో ఊడ్చే మనిషి. వెనక తలుపు దగ్గర కూర్చుని వెళ్లిపోవడమే గానీ ఆమె గొంతు ఎట్లా ఉంటుందో చర్చిలో చాలామందికి తెలియదు.

"తమ్మీ, నేను పొద్దుగాల మార్కెట్ల ఊడుస్త గద" అంది. "గేటు తీయంగనే పిట్టలు దిగుతయి. రాలిన మక్కలు, వడ్లు ఏరుకుంటయి. ఆ మూలకు నేను చీపురు తీస్కపోను. అవి తినేదాంక ఊకుంట. గప్పుడు నా పక్కన ఎవలో నిలబడి అవిటిని చూస్తున్నట్టే ఉంటది. తిరిగి చూస్తే ఎవలుండరు. భయం గాదు. మంచిగుంటది. అది గూడ సాక్ష్యమేనా?"

వెంకట్రాజం ఆమె వైపు చూశాడు. చర్చిలో ఇన్నేళ్లు తాను కళ్లు తెరిచి ఎవరి ముఖంలో ఏముందోనని వెతికాడు గానీ, వెనక తలుపు వైపు ఎప్పుడూ తిరిగి చూడలేదు.

"నాకు తెల్వదక్కా. అయ్యగారిని అడుగుదాం రా" అన్నాడు.

ఆమెను పాస్టరుగారి దగ్గరకు తీసుకుపోయి, చెప్పింది మళ్లీ చెప్పించాడు. శేఖర్ అయ్యగారు చేతిలోని ఫోను జేబులో పెట్టేసి, తలవంచి చివరిదాకా విన్నారు. వచ్చే ఆదివారం ఇదే మాట మైకులో చెప్పాలమ్మా అన్నారు. బక్కమ్మ బెదిరిపోయి, అమ్మో నాతోని కాదంటూ మెట్లు దిగి గబగబా నడిచింది. గేటు దాటేముందు మాత్రం ఆగి, ఎన్ని గంటలకు రమ్మంటరు అని అడిగి పోయింది.

దారి పొడవునా స్నేహలత మాట్లాడలేదు. ఇంటికి వచ్చి కోడికూర వడ్డించింది. తనూ తింది. గిన్నెలు సర్దాక వచ్చి మంచం మీద కూర్చుంది.

"నేను ఫోన్ చేసిన ముచ్చటన్న చెప్తే ఏం పాయె" అంది.

"మరిచిపోయిన" అన్నాడు వెంకట్రాజం. అది నిజమే.

ఆమె ముఖంలో కోపం ఎప్పుడు పోయిందో ఆయన గమనించలేదు.

"అవి పడేటప్పుడు సప్పుడు ఎట్లుంటది?" అని అడిగింది.

ఆయన చెప్పబోయాడు. పైన ఫ్యాను గరగర తిరుగుతోంది. స్నేహలత లేచి స్విచ్చు ఆపి, మళ్లీ వచ్చి కూర్చుంది. ఆ మధ్యాహ్నపు ఉక్కలో ఇద్దరికీ చెమటలు పడుతున్నాయి. వెంకట్రాజం నాలుకతో ఒక చప్పుడు చేసి చూశాడు, కుదరలేదు. వేలితో దుప్పటి మీద మెల్లగా తట్టాడు, అదీ కాదు.

"నోటితోని రాదే. కూసోని ఇనాలె" అన్నాడు.

"పూలు ఇంక ఎన్నొద్దులుంటయి?"

పది రోజులుంటాయని పూలమ్మ వదినె చెప్పిందన్నాడు. స్నేహలత మరేమీ అడగకుండా లేచి, స్టూలు వేసుకుని, అల్మారా మీది సంచి దించి దుమ్ము దులపడం మొదలుపెట్టింది.